అయిదో సంతకం

కెనడాలోని మా గ్రూన్‌వీస్‌లో ఎవరికైనా ఏదైనా పెట్టాలంటే దొంగతనానికి వెళ్ళినట్టే వెళ్తారు. చీకటి విడవకముందే బయల్దేరి, అట్టపెట్టెను ఎదుటివాళ్ళ గుమ్మంలో దించి, తలుపు తట్టకుండా, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి పడాలి. పెట్టె మీద పేరు ఉండకూడదు. పుచ్చుకున్నవాళ్ళు ఎవరిచ్చారని ఆరా తీయకూడదు. పెట్టినవాళ్ళు అందిందా అని అడగకూడదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటను మా మెన్నోనైట్ క్రైస్తవ సంఘంవాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నారు. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలూ తెల్లవారుజామున ఊళ్ళో ఇదే సందడి. పెట్టెలు మోసుకుంటూ ఇద్దరు ఎదురుపడితే, ఇద్దరూ మొహాలు పక్కకి తిప్పుకుని "చలి బాగా ఉంది కదూ" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఈ విద్యలో అగనేత హీబర్ట్ ఆరితేరిన మనిషి. అరవై ఒక్క ఏళ్ళు. భర్త హైన్రిక్ పోయి ఆరేళ్ళయింది. నలభై ఏళ్ళుగా ఆమె పెట్టెలు ఊళ్ళో ప్రతి గుమ్మమూ తొక్కాయి గానీ, ఒక్కసారైనా ఆమె ఎవరి కంటా పడలేదు. పురికొసతో ఆమె వేసే రెండు పేటల ముడి ఎవరిదో ఊరందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ మొహంలో కూడా కనపడనివ్వరు. అదీ మర్యాద.

ఆ ఏడు, అంటే డెబ్భై తొమ్మిదిలో, సెప్టెంబరు నెలాఖరున ఊళ్ళోకి లావోస్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఖామ్‌సై అనే బక్కపలచని బడిపంతులు, అతని భార్య సెంగ్‌దావ్, ఇద్దరు పిల్లలు. యుద్ధం ముగిశాక నది దాటి థాయిలాండ్ శిబిరంలో రెండేళ్ళు ఉన్నారు. ఏడాదిపాటు వాళ్ళ ఇల్లు, తిండి, ఇల్లు వెచ్చబరిచే పొయ్యిలో నూనె, పిల్లల చదువు, వైద్యం అన్నీ మావే అని మా సంఘం ప్రభుత్వానికి రాసిచ్చి తెచ్చుకున్న కుటుంబం అది. ఊరి చివర ఖాళీగా ఉన్న ఇంటికి సున్నాలు వేశారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు మూడు వారాలు కూర్చుని పెద్ద బొంత కుట్టారు. దాని అంచు కుట్టింది అగనేతే. కుట్టినన్నాళ్ళూ మిగతావాళ్ళ కుట్లకి వంకలు పెట్టింది కూడా ఆమే.

అక్టోబరులో ఖామ్‌సైకి శిబిరం నుంచి ఉత్తరం వచ్చింది. అతని తల్లి థోంగ్‌సీ బతికే ఉంది. కొడుకు విమానం ఎక్కిన పది రోజులకి ఆవిడ ఒంటరిగా నది దాటింది. సంఘం పేరున ఆ ఏడాదికి ఇంకొకరిని తెచ్చుకోవడానికి వీల్లేదన్నారు. అయితే ఇంకో దారి ఉంది. అయిదుగురు పెద్దలు సొంత పేర్లతో పూచీపడి సంతకాలు పెడితే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. కెనడా అధికారి జనవరిలో ఆ శిబిరానికి వెళ్తాడు. అది తప్పితే మళ్ళీ ఆర్నెల్ల తర్వాతే. ఈలోగా శిబిరం ఖాళీ చేయించి ఆవిడని ఎటు తోలేస్తారో ఎవరికీ తెలియదు. డిసెంబరు ఇరవై ఒకటి, శుక్రవారం మధ్యాహ్నం టపాలో కాగితాలు వినిపెగ్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళి తీరాలి.

గురువారం సాయంత్రానికి నాలుగు సంతకాలున్నాయి. అయిదో సంతకం పెడతానని అక్టోబరులో మాటిచ్చిన అగనేత, కాగితం ముందుకొచ్చేసరికి పెట్టనంది. ఎందుకో చెప్పదు.

మరిది బెర్న్‌హార్డ్ తన దాణా కొట్లోంచి కాగితం పట్టుకుని ఆమె వంటింటికే వచ్చాడు.

"వదినా, అయిదో గీత నన్ను చూసి వెక్కిరిస్తోంది. ఒక్క సంతకం పారేయ్."

"చెయ్యి నొప్పిగా ఉంది."

"నిన్న చర్చి వంటింట్లో రెండు బస్తాల పిండి పిసికావట కదా?"

"అందుకే నొప్పి."

బెర్న్‌హార్డ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ ముసలమ్మ నీ ఈడుదే. అరవై ఒకటి."

"అయితే? నా ఈడువాళ్ళందరికీ నేనే పూచీ పడాలా?" అగనేత గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది. "పేరు రాసి మరీ చేసేది సాయం కాదు, డప్పు కొట్టుకోవడం. మా అమ్మ నాకది నేర్పలేదు."

"డప్పెక్కడిది వదినా, ఇది పూచీ. రేపు ఆవిడకి జ్వరమొస్తే ఎవరి తలుపు కొట్టాలో ఒకరికి తెలియాలి కదా? పేరు లేనివాళ్ళ తలుపు ఎలా కొడతారు?"

"ఇంకెవరినైనా అడుక్కో."

"అడిగాను. నువ్వెందుకు కాదన్నావో తెలీకుండా ఒక్కడు కూడా కలం పట్టడం లేదు. ఈ ఊరి సంగతి నీకు తెలీదా?" అని లేచి, తలుపు దగ్గర ఆగాడు. "రేపు పన్నెండింటిదాకా కొట్లోనే ఉంటా. చేతినొప్పికి గుర్రాలకి రాసే మందు కూడా ఉంది నా దగ్గర, కావాలంటే."

నిజానికి అగనేతకి ఉన్నది చేతినొప్పి కాదు, కోపం. పోయిన వారం ఖామ్‌సై కూతురి గౌను అంచు కుట్టి తీసుకెళ్ళి, పనిలో పనిగా మంచు తోసే పార ఎక్కడుందో చూద్దామని ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడ పొలం చివర, పాత ధాన్యపు గాదె అవతల, మంచులో వరసగా పన్నెండు అట్టపెట్టెలు. ఒక్కటీ విప్పలేదు. ఒకదాని మీద రెండు పేటల ముడి ముట్టుకున్నవాడు లేక అలాగే ఉంది. అందులో ఆమె ఆగస్టులో ఉప్పునీళ్ళలో ఊరేసిన పుచ్చకాయ ముక్కల సీసాలు మూడు, రేగుపళ్ళ జాము రెండు, పొగపెట్టిన సాసేజి, రెండుసార్లు కాల్చిన బన్నులు ఉన్నాయి. గడ్డకట్టి సీసాలు పగిలే ఉంటాయి.

ఊరు ఊరంతా పెడితే, చెత్తని పారేసినట్టు పొలంలో పారేశారు! పోనీ అడుగుదామంటే అడగకూడదు. బెర్న్‌హార్డ్‌కి చెబుదామంటే చెప్పకూడదు. చెబితే పెట్టింది పెట్టినట్టు కాకుండా పోతుంది. మింగలేక కక్కలేక వారంరోజులు ఆమె ఆ కోపాన్ని ఊరగాయలా మాగబెట్టింది. మా పెట్టె ముట్టనివాళ్ళకి నా పేరెందుకట?

శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఆమె మనవల మంచుబండిని తాడుతో లాక్కుంటూ బయల్దేరింది. ఎందుకంటే, పెట్టిన పెట్టె వెనక్కి తెచ్చుకోవడానికి. గ్రూన్‌వీస్ పుట్టినప్పటినుంచీ అటువంటి పని చేసినవాళ్ళు లేరు. ఆ సంగతి తనకీ తెలుసు కనుక గోధుమ చేల గట్టు వెంట, ఎవరి కిటికీలకీ కనపడకుండా వెళ్ళింది. చలి సున్నాకి ముప్పై రెండు డిగ్రీల కింద ఉంది. కనురెప్పలు అంటుకుపోతున్నాయి.

గాదె పక్కనుంచి చూస్తే ఇంటి ముందు భాగం కూడా కనపడుతుంది. అక్కడికి చేరేసరికి మంచు వెలుతురులో ఖామ్‌సై ఇంటి ముందు మెట్టు మీద కొత్త పెట్టె కనిపించింది. మంచులో వచ్చిన అడుగులు, వెళ్ళిన అడుగులు ఇంకా తాజాగా ఉన్నాయి. ఎవరో ఇప్పుడే పెట్టి వెళ్ళారు. అగనేత గతుక్కుమని గాదె చాటుకి తప్పుకుంది. పెట్టె చుట్టుపక్కల తను కనపడితే పరువు గంగలో కలిసినట్టే.

ముందు గది దీపం వెలిగింది. కిటికీ తెర వేలెడంత పక్కకి జరిగి, మళ్ళీ మూసుకుంది. వెంటనే ఆ దీపం ఆరిపోయి, ఇంటికి అటు చివర వెనక గదిలో దీపం వెలిగింది. పిల్లలెవరో ఏడ్చి, ఊరుకున్నారు. చాలాసేపటికి ముందు తలుపు తెరుచుకుని ఖామ్‌సై బయటికొచ్చాడు. తలుపు తన వెనకాల గట్టిగా మూశాడు.

కోటు మీద, మెడ దగ్గరనుంచి మోకాళ్ళదాకా, బొంత చుట్టుకుని తాడుతో బిగించి కట్టుకున్నాడు. చర్చి ఆడవాళ్ళు కుట్టిన బొంతే. 'బంగారంలాంటి బొంతని మంచులో ఈడుస్తున్నాడా వీడు!' అని అగనేతకి ముందు ఒళ్ళు మండింది.

ఖామ్‌సై మెట్టు దిగి, ఇంటివైపు తిరిగి, రెండు చేతులూ జోడించి తల వంచాడు. తర్వాత పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దానికి దగ్గరగా పెట్టి విన్నాడు. తొడుగులు తీసేసి, ఒట్టి చేతులు పెట్టె అడుగుకి పోనిచ్చి, అంగుళం అంగుళంగా పైకెత్తాడు. లేచి నడిచాడు. ఒక అడుగు వేసి ఆగడం, ఇంకో అడుగు వేసి ఆగడం. పెట్టె కదలకుండా మోచేతులు పక్కలకి అదిమి పెట్టుకున్నాడు. నోట్లోంచి ఊపిరి ఆవిరి కూడా రావడం లేదు.

ఆ నడక అగనేతకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో పొలంలో బండరాళ్ళు పేల్చడానికి హైన్రిక్ మందుగుండు కట్టలు మోసుకెళ్ళేటప్పుడు సరిగ్గా అలాగే నడిచేవాడు. తను కిటికీలోంచి చూస్తూ, ఆయన తిరిగొచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

గాదె రేకు పట్టుకుని పొలం చివరకి చూసింది. పెట్టెల వరస. ఒక్కోదానికీ మధ్య పదేసి అడుగుల దూరం. ఒకటి పేలితే రెండోది అంటుకోకుండా. ఇప్పుడు పదిహేడున్నాయి.

అంటే ఈ మనిషి పదిహేడు పొద్దుటలు, పెళ్ళాం పిల్లల్ని వెనక గదిలోకి తోసి, వాళ్ళకి దణ్ణం పెట్టి, చావు ఎత్తుకుని ఈ పొలంలోకి నడిచాడు. ఊళ్ళోవాళ్ళు ప్రేమగా పెట్టినవి మోసుకుంటూ! రోజూ బతికి ఇంట్లోకి వెళ్ళి, మళ్ళీ మర్నాడు అదే పని చేశాడు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. జబ్బచరుచుకునే మగవాళ్ళని అగనేత చాలామందిని చూసింది. ఇలాంటి మనిషిని చూడలేదు. చర్చిలో కూడా ఎన్నడూ రానంత భక్తిలాంటిదేదో ఆమె గుండెలోకి వచ్చింది.

"ఒరేయ్ నాయనా! దించు! దించెయ్!" అని అరుస్తూ ఆమె గాదె చాటునుంచి బయటపడింది. మంచులో మోకాళ్ళదాకా దిగబడుతూ పరుగెత్తింది.

ఖామ్‌సై కొయ్యబారిపోయాడు. పెట్టెను మెల్లగా కింద దించి, ఆమెకి ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాపాడు. "వద్దు! వద్దు, అమ్మా! వెళ్ళు!"

"తప్పుకో. అది తిండి. తిండి నాయనా, తినేది!"

ఆమె మాట్లాడేది మా ఊరి పాత జర్మన్. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె అతన్ని పక్కకి నెట్టి, పెట్టె ముందు కూలబడి, పురికొస పట్టి లాగింది. తాడు తెగింది. మరుక్షణం ఆమె వెల్లకిలా మంచులో ఉంది. ఖామ్‌సై ఆమె మీద పడి, బొంత కప్పి, ఆమె తలని తన రెండు చేతులతో కమ్మి, తన వీపు పెట్టెవైపు పెట్టాడు.

ఏదీ పేలలేదు. అతని గుండె ఆమె చెవిలో దడదడా కొట్టుకుంటోంది. యాభై కిలోలుంటాడో ఉండడో. అగనేత తొంభై. ఆ పిట్ట ఈ బర్రెని కాపాడుతోంది.

పెట్టె ఒరిగి ఒక సీసా దొర్లుకుంటూ వచ్చి అతని మోచేతికి తగిలి ఆగింది. అతను మెల్లగా తల తిప్పి చూశాడు. ఊదారంగు జాము. మూతకి గళ్ళగుడ్డ చుట్టి ఉంది.

అగనేత లేచి కూర్చుని, మూత తిప్పి, వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. మళ్ళీ ముంచి అతని ముందు చాచింది. అతను ఆ వేలుకేసి, ఆమెకేసి, పొలంలో పెట్టెల వరసకేసి చూశాడు. ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలిపోయి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఇంట్లోకి వెళ్ళాక సెంగ్‌దావ్ వేణ్ణీళ్ళు ఇచ్చింది. ఖామ్‌సై మూణ్ణెల్లలో నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కల్ని ఏరుకుంటూ చెప్పాడు.

"మా ఊరు. తమ్ముడు. పది ఏళ్ళు. పొద్దున, తలుపు దగ్గర చిన్నది ఉంది. నిమ్మకాయంత. ఎవరు పెట్టారో తెలీదు. తమ్ముడు చేత్తో తీశాడు." పేలిందన్నట్టు రెండు గుప్పిళ్ళూ విప్పి చూపించాడు. సెంగ్‌దావ్ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మరి మాకు చెప్పొచ్చు కదయ్యా? మా తోడికోడలు జస్టీనా వారానికి రెండుసార్లు ఇంగ్లీషు పాఠం చెప్పడానికి వస్తుందే!" అగనేత కూడా వచ్చీరాని ఇంగ్లీషులోనే అడిగింది.

"మంచివాళ్ళు పగలు వస్తారు. నవ్వుతారు. చేతిలో పెడతారు. ఇది..." మెట్టువైపు చూపించాడు. "చీకట్లో వస్తారు. తలుపు కొట్టరు. పేరు లేదు. అనుకున్నాను, ఊళ్ళో ఒకరికి మేం వద్దు. చెబితే గొడవ. గొడవైతే అమ్మ కాగితం ఆగుతుంది. అమ్మ వచ్చేదాకా నేను మోస్తాను, అంతే."

అగనేత వేణ్ణీళ్ళ కప్పు బల్ల మీద పెట్టేసింది. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆమె నోటినుంచి వచ్చింది.

"నేనే. ఒక పెట్టె నేనే పెట్టాను. ఆ మిగతావి మా ఊరివాళ్ళవి. కూపర్ల ఇంటిది, పాస్టరు గారిది, మా బెర్న్‌హార్డ్‌ది... అందరం కలిసి నిన్ను చంపుకుతిన్నాం. ఇక తలుపు కొడతాం నాయనా. బద్దలయ్యేలా కొడతాం."

పొలంలోని పెట్టెలన్నీ ఇద్దరూ మంచుబండి మీద ఇంటికి చేర్చాక గడియారం చూసింది. పదకొండు దాటుతోంది. వెంటనే ఖామ్‌సై చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. దారిలో ముగ్గురు ఎదురై చలి సంగతి ఎత్తబోయారు గానీ, ఆమె ఎవరికీ జవాబివ్వలేదు.

దాణా కొట్లో బెర్న్‌హార్డ్, అతని భార్య జస్టీనా ఇద్దరూ ఉన్నారు. జుట్టు నిండా మంచు, కోటు మీద ఊదారంగు మరకలతో వచ్చిన అగనేతని చూసి బెర్న్‌హార్డ్ నోరు తెరిచాడు.

"వదినా, ఏంటీ అవతారం?"

"పెన్ను."

"చెయ్యి నొప్పన్నావు..."

"పెన్నిస్తావా, నీ నెత్తిన కొట్టి తీసుకోనా?"

కాగితం పరిచాడు. నాలుగు పేర్ల కింద ఖాళీ గీత. అగనేత బడికెళ్ళింది నాలుగేళ్ళే. పేరు రాసే అవసరం బతుకులో పెద్దగా పడలేదు. నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరమూ విడివిడిగా, పూర్తి పేరు రాసింది. ఇంటి నంబరు రాసింది. టెలిఫోను నంబరు రాసింది. రాసి పెన్ను కింద పెట్టి, ఖామ్‌సై వైపు తిరిగింది. చెప్పకుండా ఉండవచ్చు. చెప్పకపోతే ఎవరూ చెప్పరు. కానీ పొద్దున తన తలని కమ్మిన చేతులు ఎదురుగా కనిపిస్తున్నాయి. మంచుకి బొబ్బలెక్కి ఉన్నాయి.

"నాయనా, ఒక మాట. మీ అమ్మ కాగితం ఇన్నాళ్ళూ ఆపింది ఎవరో కాదు. నేను."

ఖామ్‌సై తల ఊపాడు. "తెలుసు, అమ్మా."

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"మంగళవారం. నేను అడిగాను, ఎవరు పెట్టలేదు అని. టీచరమ్మ చెప్పారు."

జస్టీనా మొహం ఎర్రబడింది. "అబద్ధం ఆడలేకపోయానక్కా. మొహం మీద అడిగాడు."

అగనేత ఆ మాట విన్నట్టు లేదు. మంగళవారం. ఇవాళ శుక్రవారం. తన తల్లికి అడ్డుపడిన మనిషి ఈమేనని తెలిసే ఇతను ఈ పొద్దున ఆమె మీద పడుకున్నాడు.

"తెలిసి కూడానా?" అని అడగబోయింది. కౌంటరు అంచు పట్టుకుని, గ్రూన్‌వీస్‌లో ఎవరూ ఏనాడూ చూడని విధంగా, నలుగురి ఎదుటా భోరుమని ఏడ్చింది. ఖామ్‌సై ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కనే నిలబడ్డాడు. బెర్న్‌హార్డ్ కాగితం మడిచి కవర్లో పెట్టి, తడి చేసి అంటించి, టపా బండి రాకముందే పరుగెత్తుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.